రుమాలు కింది చెయ్యి

మా బాపుకు కాదనడం చేతకాదు. ఎవరేం చెప్పినా చేతులు రెండూ పొట్ట దగ్గర కట్టుకుని, చూపు నేల మీద పెట్టి, మాట మాటకూ తల ఊపేవాడు. గొంతులోంచి "ఆఁ... ఆఁ..." అని చిన్న చప్పుడు వచ్చేది. అది ఒప్పుకోవడం కాదు. వింటున్నాను, చెప్పండి, మీరు పెద్దవాళ్లు అని మాత్రమే దాని అర్థం. సిద్దిపేటలో మా మగ్గాల వాడలో మగవాళ్లంతా పెద్దల ముందు అట్లాగే నిలబడేవాళ్లు. కాకపోతే మిగతావాళ్లు చివర్లో తలెత్తి "గది కాదు పటేలా" అనో, "జర ఆలోచించి చెప్త" అనో అనేవాళ్లు. మా బాపు ఆ చివరి మాట దాకా ఎన్నడూ పోలేదు.

ఆ తల ఊపుడు వల్ల మా ఇంట్లోంచి పోయిన వస్తువులు అన్నీ ఇన్నీ కావు. నిచ్చెన పోయింది. రాగి బిందె పోయింది. తీసుకుపోయినవాళ్లు తిరిగి తేలేదు, అడగడానికి ఆయనకు నోరు రాలేదు. నా పెండ్లీ అట్లాగే ఖాయమైంది. వచ్చిన పెద్దమనుషులు చెప్పుకుంటూ పోయారు, బాపు తల ఊపుకుంటూ పోయాడు, వాళ్లు లేచి అందరి నోట్లో బెల్లం ముక్క పెట్టారు. నా అదృష్టం బాగుండి మనిషి మంచివాడు దొరికాడు. లేకుంటే ఆ తలకాయను జీవితాంతం తిట్టుకునేదాన్ని. నాకేమో నన్ను కన్న అవ్వ పోలిక వచ్చింది, ముక్కు మీద కోపం. అవ్వ పోయాక ఆ ఇంట్లో "లేదు", "ఇయ్యం", "పోండ్రి" అనే మూడు మాటలూ అనే పని నా మీదే పడింది.

రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. మా ఆయన భీవండిలో కరెంటు మగ్గాల మీద పనికి పోయాడు. నేను పుట్టింట్లో ఉండి బాపుకు నూలు కండెలు చుట్టిపెట్టేదాన్ని. నూలు దొరకడం కష్టమైపోయింది. నేసిన మూడు చీరలు పెట్టెలోనే ఉన్నాయి, మగ్గం మీద మాత్రం పోగు లేదు. ఊళ్లో కొనేవాళ్లు లేరు. పట్నం తీసుకుపోయి అమ్మితే మళ్లీ నూలు కొనవచ్చని, మగ్గం ఆగకుండా ఉంటుందని ఎవరో చెప్పారు. బాపు తల ఊపాడు. ఈసారి నిజంగానే ఒప్పుకున్నాడు.

నేను వెంట పోవడానికి కారణం నా ఉర్దూ. పక్కింటి ఖాలా వాకిట్లో కూర్చుని కండెలు చుడుతూ చుడుతూ ఆమె భాష నాకు పట్టుబడింది. చదవడం రాదు గానీ మాట్లాడితే ఎదుటివాళ్లు నవ్వకుండా వినేవాళ్లు. బాపుకు "సలాం" తప్ప ఇంకోటి రాదు.

బొగ్గు పొగ మీద నడిచే బస్సులో దుమ్మూ మసీ మింగుతూ పట్నం చేరుకున్నాం. పత్తర్‌గట్టి దగ్గర రాతి కమానుల కింద జాగ చూసుకుని, ఒక ఇరానీ చాయ దుకాణం పక్కన పాత దుప్పటి పరిచి చీరలు పెట్టాం. అంత జనాన్ని నేనెన్నడూ చూడలేదు. అంతమంది ఉండి ఎవరి మొహంలోకి ఎవరూ చూడకుండా నడవడం ఇంకా వింత. మా ఊళ్లో ఎదురుపడ్డ మనిషిని ఎటు పోతున్నావని అడగకుండా వదిలిపెట్టడం మర్యాద కాదు. ఇక్కడ అడిగితే పిచ్చిదనుకుంటారు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నాకు గొంతు ఎండిపోయింది. నల్లా ఎక్కడో కనుక్కుని, చెంబు తీసుకుని లేచాను. "ఎవలన్న వస్తె జర ఆగుమను బాపూ, నేనిప్పుడే వస్త" అన్నాను. తల ఊపాడు.

ఇక్కడ మా అంగడి సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర వారం వారం జరిగే అంగట్లో ఎడ్ల బేరమైనా, నూలు బేరమైనా ధర నోటితో చెప్పరు. అమ్మేవాడు భుజం మీది రుమాలు తీసి చేతుల మీద కప్పుతాడు. దాని కింద కొనేవాడి చెయ్యి పట్టుకుని ఇన్ని వేళ్లు నొక్కితే ఇంత అని లెక్క. నలుగురి ముందు ధర అరిస్తే కొనేవాడి పరువు తక్కువవుతుందని ఈ పద్ధతి. ఎదుటివాడు ఎంత పెద్దమనిషి అయితే రుమాలు అంత తప్పనిసరి.

నేను నీళ్లు పట్టుకుని వస్తున్నాను. ఇంకో పది అడుగులుంది. మా దుప్పటి ముందు షేర్వానీ వేసుకున్న ఒక పెద్దమనిషి ఆగి ఉన్నాడు. ఉత్తరాది నుంచి కొలువు మీద కొత్తగా వచ్చినవాడని ఆ తర్వాత తెలిసింది. రొమ్ము మీద గడియారం గొలుసు తళతళ మెరుస్తోంది. ఆయన చీర అంచు పట్టి చూసి ఏదో అడిగాడు. ధరే అడిగి ఉంటాడు. బాపు అటూ ఇటూ చూశాడు. నేను కనిపించలేదు. పెద్దమనిషిని ఎదురుచూడమనడం తప్పనుకున్నాడు. లేచి నిలబడి, ఎంతో మర్యాదగా రుమాలు తీసి, ఆయన చెయ్యి పట్టుకుని, రెండు చేతుల మీదా కప్పాడు.

ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. వెనక ఎవడో గొడుగు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు, భుజంతో ఆయనను మళ్లీ ముందుకు తోశాడు. అది నేను కళ్లారా చూశాను. వాన లేదు, ఎండకు గొడుగు విప్పనూ లేదు, వీడికి చంకలో గొడుగెందుకా అని కూడా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. అంతలోనే ఆ పెద్దమనిషి రొమ్ము తడుముకుని "చోర్! చోర్!" అని కేక పెట్టాడు. గొలుసు వేలాడుతోంది, గడియారం లేదు. బాపు ఇంకా ఆయన చెయ్యి వదల్లేదు.

క్షణంలో గుంపు కమ్ముకుంది. మా దుప్పటి జనం కాళ్ల కిందికి పోయింది. ఒక బలమైన మనిషి బాపు మెడ పట్టుకుని కమానుకు ఆనించాడు. నడుము తడిమారు, ధోతి కట్టు విప్పి చూశారు. ఏమీ దొరకలేదు. "వీడు తీసి ఇంకొకడికి ఇచ్చిండు, వీళ్లు జతగా తిరుగుతరు" అని ఎవరో అన్నారు. అంతే, అదే ఖాయమైపోయింది.

పెద్దమనిషి బాపు ముందు నిలబడి అడిగాడు. నువ్వు తీశావా? బాపు చేతులు కట్టుకుని, నేల చూస్తూ తల ఊపాడు. గుంపు గొల్లుమంది. తీసి నీ జతగాడికి ఇచ్చావా? తల ఊపాడు. వాడు ఎటు పోయాడో నీకు తెలుసా? తల ఊపాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు ఆయనకు. అర్థమయ్యింది ఒక్కటే, పెద్దమనిషి కోపంగా ఉన్నాడని. మా ఊళ్లో పెద్దమనిషి కోపంగా ఉన్నప్పుడు తలెత్తి మొహం చూడటం ఇంకా పెద్ద నేరం. అందుకని ఎంత గట్టిగా అడిగితే అంత వంగిపోయాడు, అంత తొందరగా తల ఊపాడు.

నేను చెంబు విసిరేసి జనంలోకి దూరాను. "ఈయన మా బాపు! దొంగ కాదు! మేం సాలోళ్లం!" అని నాకొచ్చిన ఉర్దూ అంతా ఒక్కసారే అరిచాను. కూతురు కాక ఇంకెవరు చెబుతారు అన్నట్టు చూశారు. "బాపూ, తల ఊపకు! నీ పుణ్యముంటది, ఊపకు!" అని ఏడ్చాను. నా మాటకూ తల ఊపాడు.

ఆ గుంపులో మన తెలుగువాళ్లు లేరా అంటే ఉన్నారు. ఆ తల ఊపుడుకు అర్థం వాళ్లకు తెలియదా అంటే తెలుసు. వాళ్ల నాయినలూ అట్లాగే ఊపి ఉంటారు. కానీ దొంగ దొరికాడని సంబరంగా ఉన్న గుంపులో నిలబడి, వీడు దొంగ కాడు అని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. వాళ్లను ఇన్నేళ్ల తర్వాత కూడా నేను మనసులో ఏదో ఒకటి అంటూనే ఉంటాను.

మెడ పట్టుకున్న మనిషి బాపు కుడిచేతి వేళ్లు పట్టుకుని వెనక్కి వంచడం మొదలుపెట్టాడు. వేళ్లు విరిచి ఠాణాలో అప్పగిస్తే దొంగతనమే మర్చిపోతాడట. తెగిన పోగును ఆ వేళ్లతోనే కదా ముడివేయాలి. ఆ వేళ్లు పోతే మగ్గం పోయినట్టే, మా ఇల్లు పోయినట్టే. బాపుకు నొప్పికి కళ్ల నీళ్లు కారుతుంటే కూడా చూపు నేల మీదే ఉంది.

అప్పుడు పక్క దుకాణంలోంచి చాయ దుకాణం మనిషి బయటికి వచ్చాడు. పొట్టిగా, బొద్దుగా ఉంటాడు. భుజాన తుడుపు గుడ్డ ఉంది. పుట్టింది ఇరాన్‌లో, బతుకుతెరువుకు మన పట్నం వచ్చి పదేళ్లయింది. ఉర్దూ మాట్లాడితే ప్రతి మాటనూ సాగదీసేవాడు. "వేళ్లు వదులు. నేనొక రెండు మాటలు అడుగుతాను. తర్వాత మీ ఇష్టం" అన్నాడు. ఆయన చాయ అందరూ తాగేదే కాబట్టి, ఆ మెడ పట్టినవాడు కాదనలేక వదిలాడు.

ఆయన మా బాపు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, పోలీసులాగా గద్దించాడు.

"ఈ చాయ దుకాణం నీదేనా?"

బాపు తల ఊపాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"చార్మినార్‌ను రాత్రి గోనెసంచిలో వేసుకుని ఎత్తుకుపోయింది నువ్వేనా?"

ఊపాడు. గుంపు నవ్వింది.

"ఈ సాహెబు గారి మీసాలు కూడా నువ్వే కొట్టేశావా?"

బాపు ఎంతో వినయంగా మరోసారి ఊపాడు. ఇక నవ్వు ఆగలేదు. పెద్దమనిషి చెయ్యి తెలియకుండానే మీసాల మీదికి పోయింది. ఏడుస్తున్నదాన్ని నేను కూడా నవ్వేశాను. ఆ నవ్వుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"చార్మినార్ అక్కడే ఉంది, మీ మీసాలూ ఉన్నాయి" అన్నాడు ఇరానీ ఆయన పెద్దమనిషి వైపు తిరిగి. "ఈ ఔనులన్నీ అబద్ధమైతే, మీకు చెప్పిన ఔనులు మాత్రం నిజం ఎట్లా అవుతాయి?"

ఆ తర్వాత బాపు గడ్డం కింద వేలు పెట్టి మెల్లగా తల పైకెత్తాడు. నన్ను పిలిచి, "నీ తండ్రిని నీ భాషలో అడుగు. నేల వైపు కాదు, నా మొహం వైపు చూసి నోటితో చెప్పమను" అన్నాడు. నేను అడిగాను. బాపు నోరు విప్పాడు.

"నేను తియ్యలె బిడ్డా. రుమాలు కింద ధర చెప్పిన. అంతే."

ధర చెప్పే పద్ధతి ఏమిటో నేను వివరించాను. ఇరానీ ఆయన వెంటనే తన చెయ్యి చాచి రుమాలు కప్పమన్నాడు. బాపు వాచిన వేళ్లతోనే ఆయన వేళ్లు నొక్కాడు. ఆయన రుమాలు ఎత్తి చూసుకుని, కింద మట్టిలో పడి ఉన్న చీర వైపు చూసి, "ఇంత మంచి చీరకు ఇంతేనా?" అన్నాడు. "సాహెబ్, ఇంత తక్కువ అడిగేవాడు ఇంకొకరి గడియారం దొంగతనం చేస్తాడా?"

పెద్దమనిషి పోబోతూ కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, బాపు వైపు కొంచెం వంగాడు. వాళ్లలో అది తప్పయిందని చెప్పడం. బాపుకు అది తెలియదు. తన రొమ్ము మీద ఏమైనా అంటుకుందేమోనని కిందికి చూసుకుని దులుపుకున్నాడు. ఆయన గడియారం దొరకలేదు. దాని సంగతి తలుచుకుంటే ఆయన మీద జాలేస్తుంది కూడా.

ఇరానీ ఆయన మమ్మల్ని లోపల కూర్చోబెట్టి చాయ ఇచ్చాడు. బాపు వేళ్లకు తడిగుడ్డ చుట్టాడు. నేను గొడుగు మనిషి గురించి చెప్పాను. "వాడే" అన్నాడు. "జేబుదొంగ ఎవరి మొహమూ చూడడు. చేతులు ఎటు పోతున్నాయో చూస్తాడు. అదిగో, ఆ గోడ మీద జేబుదొంగలున్నారు జాగ్రత్త అని రాసి ఉంది కదా. చదివిన ప్రతివాడూ వెంటనే జేబు తడుముకుంటాడు. విలువైనది ఎక్కడుందో చూపించినట్టే. దొంగ ఆ రాత కిందే నిలబడతాడు." మాకు చదవడం రాక ఏదీ తడుముకోలేదు. మా చీరలు మట్టి కొట్టుకున్నాయే గానీ, ఒక్కటీ పోలేదు.

మా బాపు మీద నీకు నమ్మకం ఎట్లా కుదిరిందని అడిగాను. ఆయన నవ్వి, గడ్డం చటుక్కున పైకెత్తి, నాలుకతో "ప్చ్" అన్నాడు. "మా దేశంలో లేదు అనడానికి ఇట్లా అంటాం. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకడు, నా చెప్పులు నువ్వు తీశావా అని అడిగాడు. లేదని గడ్డం ఎత్తాను. మీ దగ్గర అట్లా ఎత్తితే ఏందిరా అన్నట్టట కదా. వాడు మళ్లీ అడిగాడు. నేను మళ్లీ ఎత్తాను. అప్పుడు నా పన్ను ఒకటి పోయింది." నోరు తెరిచి ఆ ఖాళీ జాగ చూపించాడు. బాపుకు ఇదంతా విడమరచి చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు.

చీరలు దులిపి, తనకు తెలిసిన దుకాణానికి తానే పంపించి అమ్మించాడు. చాయకు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. నూలుతో ఇంటికి చేరాం.

బాపు ఆ సంగతి వాడలో ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. వేళ్ల వాపు తగ్గేదాకా తెగిన పోగులన్నీ నేనే ముడివేశాను. వాపు తగ్గాక ఒకరోజు ఆయన మగ్గం మీద చిన్న పడుగు ఎక్కించాడు. చీరకు చాలదు. రుమాలు నేస్తున్నాడు. అంచులో గొల్లభామలు వరసగా వస్తున్నాయి, మా ఊరి చీరల్లో వచ్చే బొమ్మే. దగ్గరికి పోయి చూస్తే ప్రతి గొల్లభామ నెత్తి మీదా చల్లకుండ ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. పక్కకు ఒక ముక్కు, పైన ఒక పిడి. పోగు తప్పిందనుకుని, "బాపూ, కుండ వంకర పోతుంది చూడు" అన్నాను.

"కుండ కాదు. చాయ కేత్లీ" అన్నాడు, మొహం ఎత్తకుండా.

నాకు కండ్లల్లో నీళ్లు తిరిగాయి. మా బాపు ఒకరికి రుణపడి ఉన్నానని నోటితో చెప్పగలిగిన మనిషి కాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకున్నది పది వేళ్లే. ఆ వేళ్లు ఇంకా ఉన్నాయంటే కారణం ఎవరో ఆయనకు ప్రతి పోగు దగ్గరా గుర్తొచ్చి ఉంటుంది. నాకు ఈ రోజుకీ చాయ కేత్లీ మరుగుతున్న చప్పుడు వింటే ఆ పొట్టి మనిషికి మనసులో దండం పెట్టుకోవాలనిపిస్తుంది.

మళ్లీ చీరలు తీసుకుని పట్నం పోయినప్పుడు నేరుగా ఆ దుకాణానికే పోయాం. ఇరానీ ఆయన గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. గుర్తుపట్టి లేచాడు. బాపు సంచిలోంచి రుమాలు తీసి రెండు చేతులతో ముందు పెట్టాడు. ఆయన దాన్ని చూశాడు, బాపు వేళ్లను చూశాడు. ఎన్ని రోజుల పనో అర్థమై ఉంటుంది. గడ్డం పైకెత్తి "ప్చ్" అన్నాడు. వద్దన్నాడు.

"ఏందంటవా సేటూ?" అన్నాడు బాపు. "గిది రుమాలు."

ఆయన మళ్లీ గడ్డం ఎత్తాడు.

"గీమె గొల్లభామ" అన్నాడు బాపు, వేలు పెట్టి చూపిస్తూ. "మా ఊరి బొమ్మ."

ఈసారి ఇంకా గట్టిగా ఎత్తాడు. "ప్చ్, ప్చ్."

"నెత్తి మీద గిది కేత్లీ. నీదే."

నేను ఆగలేక బాపు చెవి దగ్గరికి వంగాను. "బాపూ, ఆయన ఏందని అడుగుతలేడు. వద్దంటుండు. ఆనాడు చెప్పిన కద!"

"నాకెర్కే బిడ్డా. నువ్వు నోరు మూసుకో" అన్నాడు మెల్లగా, ఇరానీ ఆయన మొహం మీంచి చూపు తిప్పకుండా. అప్పుడు గమనించాను, బాపు ఇంతసేపూ నేలను చూడలేదని. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఇది పడుగు, ఇది పేక, ఇది అంచు అని చెప్పుకుంటూ పోయాడు. ఆయన గడ్డం ఎత్తిన ప్రతిసారీ ఇంకొకటి చెప్పాడు.

చివరికి ఇరానీ ఆయన రుమాలు తీసుకుని భుజాన వేసుకున్నాడు. చేతులు పొట్ట దగ్గర కట్టుకుని, చూపు నేల మీద పెట్టి, అచ్చం మావాళ్లలాగే మెల్లగా తల ఊపాడు.

మా బాపు ఒకరి మాట కాదనడం నా బతుకులో నేను చూసింది ఆ ఒక్కసారే.